ఉల్కావీరుడి తండ్రి

కమల ఆంటీకి కోపం రావడానికి కారణం అక్కర్లేదని మా హాస్టల్లో అందరూ అనేవాళ్ళు. అబద్ధం. ఆవిడ కోపానికి ఎప్పుడూ కారణం ఉండేది, వినే ఓపికే మాకు ఉండేది కాదు. ఆవిడ ఇంట్లో రెండేళ్ళు అన్నం తిన్నాను, అంతకు రెట్టింపు తిట్లు తిన్నాను. ఇప్పటికీ ఆవిణ్ణి ఎవరైనా గయ్యాళి అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఉల్కావీరుడి గొడవ జరిగిన ఏడు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. విన్నాక ఏమనుకుంటారో మీ ఇష్టం.

ఆవిడ పూర్తి పేరు కమలకుమారి. సామర్లకోట దగ్గరి మనిషి. భర్త కృష్ణమోహన్ గారు ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. మధురానగర్‌లో రెండంతస్తుల ఇల్లు. కింద వాళ్ళిద్దరూ, పైన మేం. మేం అంటే కంప్యూటర్ కోర్సు నేర్చుకుని ఉద్యోగం కొట్టేద్దామని ఊళ్ళ నుంచి దిగిన ఆడపిల్లలం. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నిటికీ తిక్క పుడుతుందని, వాటిని బాగు చేయడానికి లక్షల మంది కావాలని ఎవరో పుకారు లేపారు. సగం రాష్ట్రం వచ్చి అమీర్‌పేటలో పడింది. కంప్యూటర్ సెంటర్లుండే మైత్రీవనం ముందు నడవాలంటే కరపత్రాలు పంచేవాళ్ళని మోచేతులతో నెట్టుకుంటూ పోవాల్సి వచ్చేది. నేను జనగామ నుంచి వచ్చాను. జావా నేర్చుకున్నానో లేదో గానీ మనుషుల్ని నెట్టడం మాత్రం బాగా నేర్చుకున్నాను.

ఆంటీ మాకు వండేది. మాతోపాటు చుట్టుపక్కల ఆఫీసులకి భోజనం క్యారియర్లు పంపేది. ఆవిడ క్యారియర్ల మూతల మీద ఎర్ర రంగుతో వేసిన మందారపువ్వు ఉండేది, పక్కవాడి క్యారియర్లలో కలిసిపోకుండా. తెల్లారకముందే వంటింట్లో దీపం వెలిగేది. ఉప్పు ఎక్కువైందన్న పిల్లకి ఆ పూట పెరుగు ఉండేది కాదు. కృష్ణమోహన్ గారు మాత్రం ఇంట్లో ఉన్నారో లేరో తెలియనంత నెమ్మది. పేపరు చదువుకుని, కాఫీ గ్లాసు తనే కడిగి బోర్లించి ఆఫీసుకి వెళ్ళేవారు.

ఆ వానాకాలంలో ఆయన మెట్లెక్కుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. పంజాగుట్టలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే గుండెకి రక్తం పోయే నాళాలు మూసుకుపోయాయన్నారు. ఛాతీ కోసి సరిచేయాల్సిందేనని, నాన్చితే తమ పూచీ లేదని చెప్పారు. తేదీ ఇచ్చారు. ఆయన సరేనన్నారు. ఆంటీ ఆ సాయంత్రం మా అందరినీ వరసపెట్టి తిట్టింది, చెప్పులు ఎక్కడపడితే అక్కడ విడుస్తున్నామని.

ఇలా ఉండగా ఒక ఆదివారం వచ్చింది. ఆదివారం పొద్దున టీవీలో ఉల్కావీరుడు ధారావాహిక వచ్చేది. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. ఒంటికి అతుక్కుపోయిన వెండిరంగు బట్టలు, మెడకి ముడేసిన ఎర్ర గుడ్డ, గాల్లో ఎగిరేటప్పుడు నడుముకి కట్టిన తీగ. ఆకాశం నుంచి పడిన ఉల్క ముక్క తగిలి ఒక మామూలు కుర్రాడికి శక్తులు వచ్చాయని కథ. అప్పట్లో ఆ అరగంటా వీధిలో పురుగు కూడా కనిపించేది కాదు. కేబుల్ పోతే కేబులువాణ్ణి కొట్టడానికి పోయేవాళ్ళు. మేమంతా కింద హాల్లో చేరేవాళ్ళం. కృష్ణమోహన్ గారు కూడా కుర్చీలో కూర్చుని చూసేవారు.

ఆ వారం భాగంలో ఉల్కావీరుడు విషదంతుడనే దుర్మార్గుడి చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. శక్తులన్నీ పోయాయి. దేకుకుంటూ ఒక గుహలోకి వెళ్ళాడు. గుహ గోడకి ఒక ఫొటో ఉంది, దాని ముందు దీపం ఉంది. "నాన్నా" అని ఏడ్చాడు. ఫొటోని దగ్గరగా చూపించారు. నుదుట ఇంత కుంకుమ బొట్టు, చుట్టూ బంతిపూల దండ. "నువ్వు చనిపోయి పదేళ్ళయినా నీ ఆత్మ నన్ను కాపాడుతోంది నాన్నా" అన్నాడు వీరుడు. ఫొటోలో కళ్ళు ఎర్రగా వెలిగాయి. ఆ వెలుగు వచ్చి వీరుడి ఛాతీలో దూరింది. వీరుడు లేచి నిలబడ్డాడు.

ఫొటోలో ఉన్నది కృష్ణమోహన్ గారు.

ఆయన మా మధ్యే కూర్చుని, కాఫీ గ్లాసు పట్టుకుని, తన కళ్ళు వెలగడం తనే చూస్తున్నారు. ఎవరో పోలిక ఉన్న మనిషి అనుకుందామన్నా వీల్లేదు. ఫొటో అంచున ఉప్పాడ చీర కట్టిన సగం భుజం ఉంది. ఆ చీర ఎవరిదో, ఆ భుజం ఎవరిదో మా అందరికీ తెలుసు. పాతికేళ్ళ పెళ్ళిరోజుకి అమీర్‌పేట స్టూడియోలో ఇద్దరూ కలిసి దిగిన ఫొటో అది. ఆవిణ్ణి కోసేసి, ఆయనకి దండ వేశారు.

ఆయనే ముందు నవ్వారు. "బావుందే, పదేళ్ళయిందట" అన్నారు. ఆంటీ వెళ్ళి టీవీ కట్టేసింది.

గంట తిరక్కుండానే గేటు దగ్గర ఏడుపు వినిపించింది. కూకట్‌పల్లిలో ఉండే వేలువిడిచిన ఆడపడుచు అరుణాదేవి గారు. టీవీలో ఫొటో చూసి, కథ సంగతి పట్టించుకోకుండా, తలమీంచి నీళ్ళు పోసుకుని తడి జుట్టుతో ఆటో ఎక్కి వచ్చేసింది. "వదినా, ఎంత పని జరిగింది, కబురైనా చెయ్యలేదే" అంటూ లోపలికొచ్చి, ఎదురుగా పంచె కట్టుకుని నిలబడ్డ అన్నయ్యని చూసి గుమ్మంలోనే కూలబడింది. ఆవిడకి నీళ్ళిచ్చి లేపాల్సి వచ్చింది. మరుసటి రోజు ఆఫీసులో కూడా ఆయన్ని చూసి ఒకాయన దండం పెట్టాడట, ఇంకొకాయన కళ్ళు వెలిగించి చూపించమన్నాడట. మనుషులకి సిగ్గుండదు. గుండెజబ్బు మనిషితో ఎవరైనా అలా వేళాకోళమాడతారా?

ఆ మర్నాడు ఆంటీ చెప్పులు వేసుకుంది. ఒంటరిగా పంపడం మంచిది కాదని నేనూ వెంట వెళ్ళాను.

స్టూడియో రాజనర్సయ్యది. అమీర్‌పేట సందులో అద్దాల బీరువాలాంటి కొట్టు. ఆంటీని చూడగానే చేతులు జోడించి నవ్వాడు, బహుమతి ఇవ్వడానికి వచ్చిందనుకున్నాడో ఏమో.

"చూసిండ్రా అమ్మా? షూటింగోళ్ళొచ్చి పెద్దమనిషి లెక్క ఉండే ఫొటో గావాలె అన్నరు. మన సారు మొఖం మస్తుగుంటది. ఇచ్చిన. టీవీల వస్తే మీకు సుత పేరే కదా."

"బతికున్నవాడికి దండ వేస్తుంటే పేరేంటయ్యా?"

"దండ సంగతి నాకెర్క లేదమ్మా. గా అద్దంలకెల్లి తీసి ఇచ్చినంతే."

"నన్నెందుకు కోశావు?"

"తండ్రి ఒక్కడే గావాలెనన్నరు. తల్లి కథల చిన్నప్పుడే తప్పిపోయిందంట."

ఆంటీ అద్దాల బీరువా తెరిచి, అందులో మిగిలి ఉన్న వాళ్ళిద్దరి ఇంకో ఫొటో తీసి చంకన పెట్టుకుంది. డబ్బులడగడానికి నోరు తెరవబోయిన రాజనర్సయ్య ఆవిడ మొహం చూసి మూసేశాడు.

అక్కడి నుంచి, రాజనర్సయ్య చెప్పిన ఆనవాళ్ళతో, పంజాగుట్ట. ధారావాహిక తీసేవాళ్ళ ఆఫీసు ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో ఉంది. నిర్మాత వంశీధర్ బెజవాడ మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి, చేతికి మూడు ఉంగరాలు. భోజనానికి కూర్చుని ఉన్నాడు. పక్కన వాళ్ళ మేనేజర్ యేసురత్నం నిలబడి ఉన్నాడు. ఆంటీ విషయం చెప్పింది. నాకాశ్చర్యం, మొదట చాలా మర్యాదగా చెప్పింది. మా ఆయనకి ఆపరేషన్ ఉంది, ఆ ఫొటో తీసేయండి బాబూ అంది.

"ఎలాగండీ, ఆ కళ్ళు వెలిగే సీనే హిట్టు" అన్నాడు వంశీధర్. "ఇక నుంచి ప్రతి వారం ఉంటుంది. పిల్లలు చచ్చిపోతున్నారు ఆ సీను కోసం."

"ఎవరైనా నటుడి ఫొటో పెట్టుకోండి."

"అదే చూశామండీ మొదట. దండ వేస్తామంటే ఒక్కడూ ఒప్పుకోలేదు. బతికుండగా దండంటే అరిష్టం కదా. మా హీరో ఉన్నాడే, వర్జ్యం చూసుకోకుండా మొహానికి రంగు కూడా వేసుకోడు. ఆర్టిస్టులకి ఇవన్నీ పట్టింపండీ."

"అరిష్టమని తెలిసే వేశారన్నమాట."

వంశీధర్ ముద్ద మధ్యలో ఆగాడు. "అంటే, అవన్నీ ఉత్త నమ్మకాలండీ. ఈ కంప్యూటర్ల కాలంలో మీలాంటి చదువుకున్నవాళ్ళు కూడా..."

"మీ హీరోదైతే పట్టింపు, మా ఆయనదైతే చాదస్తమా?"

"కోప్పడకండి. అసలు బతికున్నవాడు పోయాడని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు."

"అయితే మీ నాన్నగారి ఫొటోకి వేయండి దండ. ఆ ఆయుష్షేదో ఆయనకే పెరుగుతుంది."

అప్పుడే ఆవిడ చూపు బల్ల మీద పడింది. మూత మీద ఎర్ర మందారపువ్వు. గోడవారగా ఇంకా ఉన్నాయి, వరసగా, అన్నీ మందారాలే. షూటింగు ఆఫీసుకి పంపుతున్నానని తెలుసు గానీ ఏ షూటింగో ఆవిడెప్పుడూ అడగలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. ఈ కాకులు ఆ ఎద్దుగారి ఇంటి పనసపొట్టు కూరే తింటూ ఎద్దుని పొడుస్తున్నాయి.

ఆంటీ వంశీధర్ ముందున్న గిన్నె లాగి మూత పెట్టింది. "చచ్చినవాడి కళ్ళు చారెడేసి అని విన్నాను. బతికున్నవాడి కళ్ళు పొడిచి బల్బులు పెట్టడం మీ దగ్గరే చూశాను. నా చేతి అన్నం తింటూ పెట్టారు. ఇక తినరు." క్యారియర్లన్నీ నేనూ ఆవిడా మోసుకుని దిగాం. షేరు ఆటోలో అందరూ మా వంక చూస్తుంటే, "ఏంటి చూపు?" అని వాళ్ళనీ తిట్టింది.

అన్నం ఆపేస్తే దిగొస్తారనుకున్నాను నేను. ఏం దిగొస్తారు, పక్క హోటల్ నుంచి తెప్పించుకున్నారు. వచ్చే ఆదివారం మళ్ళీ దండ, మళ్ళీ కళ్ళు. ఆ పై ఆదివారమూ అంతే. ఈసారి వీరుడూ వాడి తోడు తిరిగే వాడూ ఆ ఫొటో కిందే కూర్చుని, నవ్వుకుంటూ అన్నాలు తిన్నారు. కృష్ణమోహన్ గారు ఒక్కటి కూడా వదలకుండా చూశారు. "ఉత్త తమాషా, నువ్వు ఆవేశపడకు" అంటూనే ఉన్నారు ఆవిడతో. ఆ మాట నమ్మేశాం మేమంతా.

ఆసుపత్రిలో చేరాల్సిన రోజు పొద్దున ఆంటీ సంచీ సర్ది, ఫ్లాస్కులో పాలు పోసి, ఆటో పిలవమంది. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"నేను రాను. ఆ దండ తీసేదాకా బల్ల ఎక్కను" అన్నారు.

ఇన్నాళ్ళూ నవ్వింది ఈయనేనా? ఆంటీ ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తుందనుకుని నేను గోడకి జరిగాను. ఆవిడ ఏమీ అనలేదు. రాజనర్సయ్యని తిట్టింది, వంశీధర్‌ని తిట్టింది, ఆటోలో ముక్కూ మొహం తెలియనివాళ్ళని తిట్టింది, ఆయన్ని మాత్రం ఒక్క మాట అనలేదు. ఫ్లాస్కులో పాలు మళ్ళీ గిన్నెలోకి వంచింది. ఆసుపత్రికి ఫోన్ చేసి బతిమాలితే ఇంకో తేదీ ఇచ్చారు, ఇదే ఆఖరని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఆ సాయంత్రం యేసురత్నం వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఆ దండ వేసింది నేనేనమ్మా" అన్నాడు. "మా ఇళ్ళల్లో పోయినవాళ్ళ ఫొటోకి దండ వెయ్యం. మా నాన్న ఫొటో ఊరికే గోడకి ఉంటుంది. మీ పద్ధతి కదా అని పువ్వులు కొని వేశాను గానీ ఈయన ఉన్నాడా పోయాడా అని స్టూడియో అతన్ని అడగాలని తట్టలేదు. మీరొచ్చి చెప్పినప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. రేపు గుహ సీను తీస్తున్నాం, మా ఆఫీసు కింద సెల్లారులో. గేటు దగ్గర నేనే ఉంటాను."

"తప్పు చేసి ఇప్పుడొచ్చావా?" అంది ఆంటీ. తర్వాత, "అన్నం తిన్నావా?" అంది. అతను తినలేదు. పెట్టింది.

మర్నాడు ఆ సెల్లారులోకి వెళ్ళాం. గుహ అంటే ఏమీ లేదు, గోనెపట్టాలకి నల్లరంగు పూసి ముడతలు పెట్టి వేలాడదీశారు. ముందు దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొట్టిన గుర్తు నేల మీద ఇంకా తడిగా ఉంది. వెండిరంగు బట్టల్లో హీరో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నాన్నా" అన్నాడు. ఎదురుగా దండ వేసిన ఫొటోలో కళ్ళు వెలిగాయి.

ఆంటీ నడుచుకుంటూ లైట్ల మధ్యకి వెళ్ళిపోయింది. ఎవరో ఆగమన్నారు. ఆవిడ ఆగలేదు. దండ పట్టుకుని ఒక్క లాగు లాగింది. దండతోపాటు వెనక వైర్లు ఊడొచ్చాయి, కళ్ళు ఆరిపోయాయి, ఎక్కడో ఫ్యూజు కొట్టి సగం లైట్లు పోయాయి. కొంగుతో ఆ అద్దం మీద బొట్టు తుడిచింది.

"ఈయన చావలేదు" అంది హీరోతో. "మధురానగర్‌లో ఉన్నాడు. నీ నాటకం చూసి ఆపరేషన్ మానుకుని కూర్చున్నాడు. నీకు వర్జ్యమంటేనే భయమట కదా, దండంటే ఆయనకి ఉండదా భయం? ఆయనకి ప్రాణం లేదా?"

హీరో మొహం మీద రంగు కింద రంగు మారింది. "బతికున్నాయనా ఈయన?" అని వంశీధర్ వైపు తిరిగాడు. "నాకు చెప్పలేదేం? ఇన్ని వారాలు బతికున్న మనిషి ఆత్మని పిలిపించారా నా చేత?" అక్కడికక్కడే ఆంటీ కాళ్ళకి దండం పెట్టాడు. ఇంక ఆ ఫొటో ముందు ఆత్మ డైలాగు చెప్పనంటే చెప్పనన్నాడు. వంశీధర్ ఎంత మొత్తుకున్నా కదల్లేదు. చివరికి వంశీధరే ఇంక దండ వెయ్యనన్నాడు. ఆవిడ నోటితో చెప్పింది వినని మనిషి, హీరో నోటితో చెప్పగానే విన్నాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు కొరకాలనిపిస్తుంది.

ఆ గొడవంతా అయ్యేదాకా కెమెరా తిరుగుతూనే ఉంది. వాళ్ళు ఊరుకుంటారా? ఆదివారం భాగంలో ఆంటీ వచ్చింది. గుహలోకి జుట్టు రేగిన ఒక స్త్రీ ప్రవేశించగానే ఉరుములు, మెరుపులు. చిన్నప్పుడు తప్పిపోయిన తల్లి! దండ లాగేసి, ఎవరిదో తేనెలాంటి గొంతుతో, "నాయనా, నీ తండ్రి జీవించే ఉన్నారు" అంది. ఉల్కావీరుడు ఆవిడ పాదాల మీద పడ్డాడు. అడగలేదు, చెప్పలేదు, మళ్ళీ వాడేసుకున్నారు. మా హాస్టల్ పిల్లలందరూ చప్పట్లు కొట్టారు.

"నా గొంతేం పాపం చేసింది?" అంది ఆంటీ టీవీ వైపు చూసి. తర్వాత భర్త వైపు తిరిగింది. "చూశారుగా. దండ లేదు. రేపే ఆఖరి తేదీ, పొద్దున్నే వెళ్దాం."

ఆయన తల వంచుకున్నారు. "వద్దులే కమలా" అన్నారు.

మమ్మల్ని పైకి పొమ్మనడానికి కూడా ఆవిడకి తోచలేదు. నేను మెట్ల దగ్గరే ఉండిపోయాను.

"దండ గురించి కాదు" అన్నారాయన. "ప్రతి వారం చూశాను. నా ఫొటో గోడ మీద ఉంది. దాని కిందే కూర్చుని వాళ్ళు అన్నాలు తింటున్నారు, నవ్వుకుంటున్నారు. మొదట్లో నాకూ నవ్వే వచ్చింది. తర్వాత పడుకుంటే అదే కనిపిస్తోంది. నేను లేకపోతే అన్నీ అలాగే జరిగిపోతాయి. ఆ బల్ల మీద పడుకుని కళ్ళు మూసుకోవాలంటే నాకు భయమేస్తోంది."

ఆవిడ ఓదారుస్తుందని ఎదురుచూశాను. అలాంటి మాటలేవీ ఆవిడకి రావు.

"తినక?" అంది. "నేనూ తింటాను. మీరు పోతే దినాలు కాగానే మళ్ళీ ఈ పిల్లలందరికీ వండాలి, తినకపోతే వండే ఓపికెక్కడిది? ఏడుస్తూ వండుతాను, వండిందే తింటాను, మీ ఫొటో కిందే కూర్చుని తింటాను. అలాగే జరుగుతుంది. ఆ తిండి నాకొద్దు. అందుకే ఊరంతా తిరిగి అందరితో మాటలు పడ్డాను. లేవండి."

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. తర్వాత, "చొక్కా ఏది?" అన్నారు.

మర్నాడు కాదు, ఆ మధ్యాహ్నమే వెళ్ళిపోయారు, మళ్ళీ మనసు మారుతుందేమోనని. నేనే అమీర్‌పేట చౌరస్తా దాకా పరిగెత్తి ఆటో తెచ్చాను. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఆంటీ ఆసుపత్రి వరండాలో కూర్చుని ఎవర్నీ ఏమీ అనలేదు. కాఫీలో పంచదార లేకపోయినా తాగేసింది. అది చూసి నాకు మొదటిసారి ఏడుపొచ్చింది.

ఆయన బతికారు. ఛాతీ మీద పొడుగాటి కుట్లతో, సగమైన ఒంటితో ఇంటికొచ్చారు. వారం పాటు ఆవిడ మెత్తగా వండి పెట్టింది, మందులు వేసింది, వీపు తుడిచింది. ఒక్క మాట మాత్రం మాట్లాడలేదు. డాక్టరు వచ్చి చూసి గండం గడిచిందని, ఇక మామూలుగా ఉండొచ్చని చెప్పి వెళ్ళాడు. ఆయన గోడ పట్టుకుని నెమ్మదిగా వంటింటి గుమ్మం దాకా నడిచారు.

"నాతో మాట్లాడవేం కమలా?" అన్నారు.

ఆవిడ పొయ్యి ఆపింది. చేతులు కొంగుకి తుడుచుకుని, ఆయన కోసం కుర్చీ లాగింది.

"చచ్చిపోతారేమోనని ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఒక్క మాట అనలేదు" అంది. "ఇప్పుడు అంటాను. కూర్చోండి."